దయ నుండి హక్కు దాకా: వికాస వైకల్యములు, మన చట్టములు

“మేము కన్ను మూసిన తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు?” బుద్ధివికాసము మందగించిన బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రుల హృదయాలలో అహర్నిశలు మెదిలే ప్రశ్న ఇది. దయ, దానము, బంధుప్రీతి దీనికి కొంత సమాధానము చెప్పగలవు. కాని దాత మనసు మారవచ్చును; బంధువు దూరము కావచ్చును. అందుచేత ఆ సమాధానమును శాసనరూపమున చెప్పుటకు మన దేశము చేసిన ప్రయత్నములను ఇక్కడ సంగ్రహముగా పరిశీలింతము.

పుట్టుకతోనో బాల్యములోనో ఏర్పడి, సాధారణముగా జీవితాంతము వెన్నంటి ఉండే స్థితులను వికాస వైకల్యములంటాము. మేధో వైకల్యము, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వీటిలో ముఖ్యమైనవి. ఇవి మానసిక వ్యాధులు కావు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చును, చికిత్సతో నయము కావచ్చును. వికాస వైకల్యము గలవారికి ప్రధానముగా కావలసినది మందు కాదు. ఓర్పుతో కూడిన శిక్షణ, ఆదరణ. కాని 1912 నాటి ఉన్మాదుల చట్టము ఈ ఇరువురినీ ఒకే నిర్వచనములో బంధించినది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము మేధో వైకల్యమును ఆ నిర్వచనము నుండి తప్పించినది. అంతకు ముందే, 1984లో, ఈ రంగములో శిక్షణకు, పరిశోధనకు ఒక జాతీయ సంస్థ మన సికిందరాబాదులోని మనోవికాస్ నగర్‌లో వెలసినది. సంస్థ వెలసినది గాని, హక్కుల చట్టము మాత్రము ఇంకను రావలసి ఉండెను.

1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను గుర్తించి, మేధో వైకల్యమునకు వాటిలో స్థానమిచ్చినది. కాని ప్రభుత్వోద్యోగాలలో కేటాయించిన 3 శాతము చూపు, వినికిడి, కదలిక లోపములు గలవారికే పరిమితమైనది. పేరు జాబితాలో చేరినది గాని వాటా దక్కలేదు.

తల్లిదండ్రుల ప్రశ్నకు సూటిగా బదులిచ్చినది 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు గలవారి కొరకు ఏర్పడిన ఈ చట్టము, తల్లిదండ్రుల మరణానంతరము వారి సంరక్షణను తన లక్ష్యములలో ఒకటిగా ప్రకటించినది. జిల్లా మేజిస్ట్రేటు స్థాయి అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి సభ్యులుగా గల స్థానిక కమిటీ, అవసరమైన చోట సంరక్షకుని నియమిస్తుంది. నియమితుడైన వ్యక్తి ఆరు నెలలలోగా ఆస్తి జాబితాను సమర్పించవలెను. ఏటేటా లెక్కలు చూపవలెను. నిర్లక్ష్యము చేసినా, ఆస్తిని కాజేసినా తొలగింపబడును. బుద్ధి పరిపక్వత లేనివారి పోషణను గూర్చి, వారితో మృదువుగా మాటలాడుటను గూర్చి ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా చేసిన బోధ ఎరిగిన వారికి ఈ నిబంధనలలోని ధర్మసూక్ష్మము సులభముగా బోధపడగలదు.

2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించినది. 2007లో భారతదేశము దానిని ధ్రువీకరించినది. దాని ఫలమే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము. ఇది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. వైకల్యముల సంఖ్య 21కి పెరిగినది. ఉద్యోగముల వాటా 4 శాతమైనది. అందులో ఒక శాతము ఆటిజం, మేధో వైకల్యము, మానసిక వ్యాధి, బహుళ వైకల్యములు మొదలైనవి గలవారిది. 40 శాతమునకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కైనది. నలుగురిలో వికలాంగుని బుద్ధిపూర్వకముగా అవమానించుట ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు కారాగారశిక్షకు అర్హమైన నేరము. వెక్కిరింతను వినోదమనుకొను యువకులు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఈ రెండు చట్టముల నడుమ ఒక సూక్ష్మభేదమున్నది. 1999 చట్టము సంరక్షకునికి బాధ్యతనంతటినీ అప్పగించగలదు. 2016 చట్టము పరిమిత సంరక్షకత్వమును ప్రవేశపెట్టినది. అనగా, నిర్దిష్ట విషయములో, నిర్దిష్ట కాలమునకు, ఆ వ్యక్తి ఇష్టమును అనుసరించి, ఇరువురూ కలిసి నిర్ణయము చేయవలెను. మొదటిది రక్షణకు ప్రాధాన్యమిచ్చినది, రెండవది అభిప్రాయమునకు. రెండును నేడు అమలులో ఉన్నవి. నోరులేని వానికి రక్షణ కావలెను. కాని నోరులేదని మనమనుకొన్న వానికి కూడ ఇష్టాయిష్టములుంటవని మరువరాదు.

ఇక మన సంగతి. ప్రభుత్వ కళాశాలలతో బాటు ప్రభుత్వ సహాయము పొందే ఉన్నత విద్యాసంస్థలు 5 శాతమునకు తగ్గకుండ సీట్లు వికలాంగులకు కేటాయించవలెనని 2016 చట్టము చెప్పుచున్నది. పరీక్షలలో అదనపు సమయము, వ్రాయసగాని సహాయము, అవసరమైన విద్యార్థికి ద్వితీయ, తృతీయ భాషల నుండి మినహాయింపు వంటి సవరణలను కూడ పేర్కొన్నది. ఉర్దూ, తెలుగు బోధించే మాకు ఈ చివరి మాట మొదట కొంత కటువుగా తోచవచ్చును. కాని ఒక్క భాషలో పలుకుటకే ప్రయాసపడే విద్యార్థిపై మరి రెండు భాషల బరువు మోపుట భాషాసేవ కాజాలదు.

2011 జనగణన ప్రకారము దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో మేధో వైకల్యము గలవారు సుమారు 15 లక్షలు. వీరిలో కళాశాల గడప తొక్కగలిగేవారు కొందరే కావచ్చును. కాని మిగిలినవారు మన ఇండ్లలో, మన వీధులలోనే ఉన్నారు. సదరం శిబిరమునకు దారి తెలియని తల్లికి దరఖాస్తు వ్రాసిపెట్టుట, పరీక్షలో వ్రాయసగాడుగా కూర్చొనుట మన విద్యార్థులు చేయదగిన పనులు. సీట్ల కేటాయింపు, పరీక్షల సౌకర్యము కమిటీవారు పరిశీలింపదగిన విషయములు. రాజ్యాంగములోని 30వ అధికరణము అండగా మన కళాశాల నిలిచి ఉన్నది. సంఖ్యలో తక్కువైనవారికి చట్టము ఎంతటి ఆసరాయో అనుభవముతో ఎరిగినవారము మనము. అట్టి ఆసరాను మనకంటె బలహీనులు కోరినప్పుడు, వారికొరకు తలుపు తీయుట మన విధి.