పొలానికి చేరనున్న మురుగు మడ్డి

నగరం తిన్నదంతా పల్లె పండించినదే. గింజతోపాటు పొలం నుండి తరలివచ్చిన నత్రజని, భాస్వరం చివరకు నగరపు మురుగు కాలువల పాలవుతున్నాయి. పెంటదిబ్బ విలువ ఎరిగిన రైతుకు ఇది వింత లెక్కగానే తోచాలి. ఒకవైపు భాస్వరపు ముడిరాయిని విదేశాల నుండి దిగుమతి చేసుకుంటూ, మరొకవైపు భాస్వరాన్ని నదులలోకి వదిలివేస్తున్నాము.

మురుగునీటిని శుద్ధి చేసినప్పుడు అడుగున దిగే మడ్డిలో ఈ సారం కొంతవరకు నిలిచి ఉంటుంది. అయితే దానితోపాటు రోగక్రిములు, ఏలికపాముల గుడ్లు కూడ ఉంటాయి. ఈ గుడ్లు బహు మొండివి. దళసరి పెంకు చాటున మట్టిలో ఏండ్ల తరబడి బ్రతికి ఉండగలవు. మడ్డిని నాలుగు రోజులు ఎండబెట్టి చల్లినంత మాత్రాన అవి నశించవు. ఆకుకూరలు కోసే కూలీ చేతిగోళ్లకు అంటి, ఆమె బిడ్డల నోటికి చేరడానికి ఎంతో కాలం పట్టదు.

దీనికి విరుగుడు వేడి. మడ్డిని రంపపు పొట్టుతోనో గడ్డీగాదంతోనో కలిపి పోగుపెడితే, సూక్ష్మజీవుల చర్య వలన పోగు తనంతట తానే కాగుతుంది. 1993 నాటి అమెరికా నిబంధనల ప్రకారం, వరుసలుగా పోసిన పోగులలో 55 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని వేడి 15 రోజులు నిలవాలి. ఆ వ్యవధిలో పోగును కనీసం 5 సార్లు తిరగవేయాలి. కిటుకంతా ఈ తిరగవేతలోనే ఉన్నది. నడుమ ఎంత కాగినా పైపొర చల్లగానే ఉంటుంది కనుక, అంచున మిగిలిన గుడ్లను లోపలికి చేర్చాలి.

మన దేశంలో మరొక మార్గాన్ని కూడ అనుసరించారు. భాభా అణు పరిశోధన కేంద్రం 1990 దశకంలో వడోదరలో ద్రవరూప మడ్డిపై గామా కిరణాలను ప్రయోగించింది. ఆ అనుభవంతో 2019లో అహమ్మదాబాదులో రోజుకు 100 టన్నుల ఎండిన మడ్డిని శుద్ధి చేయగల కర్మాగారం వెలసింది. కోబాల్టు-60 వెలువరించే కిరణాలు క్రిముల జన్యుపదార్థాన్ని ఛేదిస్తాయి. పిమ్మట మేలు చేసే సూక్ష్మజీవులను కలిపి, మడ్డిని ఎరువుగా మారుస్తారు. అణుధార్మికత అంటుకుంటుందన్న భయం అక్కరలేదు. ఎక్స్-రే తీయించుకున్న చేయి తిరిగి ఎక్స్-రేలను వెదజల్లదు గదా!

అసలు చిక్కు ఇంకొకటి. వేడికైనా, కిరణాలకైనా చచ్చేవి ప్రాణం ఉన్నవే. లోహపు పూత పెట్టే కార్ఖానాలు, తోళ్ల పరిశ్రమలు తమ వ్యర్థజలాన్ని ఇళ్ల మురుగులో కలిపితే కాడ్మియం, నికెల్, క్రోమియం మడ్డిలోనే ఉండిపోతాయి. పైగా పోగు కుళ్లి తరుగుతున్న కొద్దీ లోహాల పాలు హెచ్చుతుంది. పొలంలో ఒకసారి కలిసిన లోహాన్ని ఏరి పారవేయడం దుస్సాధ్యం. కిరణాల యంత్రానికి లభించిన ప్రచారంలో నాలుగవ వంతైనా కార్ఖానాల కాలువలను వేరుచేసే పనికి లభించలేదన్నది ఈ రచయిత అభిప్రాయం.

ఇతర దేశాల వారు ఈ భయంతోనే వెనుకకు తగ్గారు. స్విట్జర్లాండు 2006లో మడ్డిని ఎరువుగా వాడడం నిషేధించింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో అదే పని చేసింది. అక్కడ పాడి పొలాలను పాడుచేసినవి లోహాలు కావు, ఎన్నటికీ విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం, 100 మిల్లీగ్రాముల సీసం మించరాదని నిర్ణయించింది. మడ్డి ఎరువు కొనే రైతు అడగవలసినవి నత్రజని శాతంతోపాటు ఈ అంకెలే.