ఎండాకాలంలో ఏసీ: 200 యూనిట్లు దాటకుండా వాడుకోవడం ఎలా?

బెంగళూరు చల్లని ఊరన్న మాట ఎండాకాలంలో చెల్లడం లేదు. 2016 ఏప్రిల్ 24న నగరంలో 39.2 డిగ్రీలు నమోదైంది. ఆనేకల్ పరిసరాల్లోని మన ఇళ్లలోకీ ఏసీలు వచ్చేశాయి. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్నప్పుడు దాన్ని దుబారా అనలేం. అయితే గృహజ్యోతి పథకంలో ఉన్నవారు ఒక లెక్క తెలుసుకుని ఏసీ వాడుకోవాలి.

2023లో మొదలైన ఈ పథకంలో ప్రతి ఇంటికీ 200 యూనిట్లు ఉచితమని చాలామంది అనుకుంటారు. అసలు నిబంధన వేరు. సాధారణంగా 2022-23లో ఆ ఇంటి నెలసరి సగటు వాడకానికి 10 శాతం కలిపి, అంతవరకు ఉచితంగా ఇస్తారు. ఆపైన 200 వరకు వాడితే, ఎక్కువ వాడిన యూనిట్లకే డబ్బు కట్టాలి. 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం మనదే.

ఉదాహరణకు ఒక ఇంటి సగటు 120 యూనిట్లు అనుకుందాం. 132 యూనిట్లు ఉచితం. ఏప్రిల్‌లో 198 వాడితే 66 యూనిట్లకు, యూనిట్‌కు ఆరు రూపాయల చొప్పున వేసుకున్నా, 396 రూపాయలు. అదే 202 వాడితే 1,212 రూపాయలు. నాలుగు యూనిట్ల తేడాకు 800 రూపాయలకు పైగా పోతాయి.

మరి ఏసీని ఎన్ని గంటలు వాడుకోవచ్చు? దాని స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. 800 యూనిట్లని ఉంటే గంటకు సుమారు అర యూనిట్. 1,200 అని ఉంటే ముప్పావు యూనిట్. ఫ్రిజ్, గీజర్, మోటారు, లైట్లకు నెలకు 130 యూనిట్లు పోతే, ఏసీకి మిగిలేది 70. మొదటి రకానికి రోజుకు నాలుగున్నర గంటలు, రెండో రకానికి మూడు గంటలు వస్తాయి. ఎండ ముదిరితే ఈ గంటలు ఇంకా తగ్గుతాయి.

కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్పేదాని ప్రకారం, ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది. 2020 జనవరి నుంచి వచ్చిన ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేది అందుకే. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం పొరపాటు. కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుందంతే. 26లో పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకుంటే హాయిగా నిద్ర పడుతుంది.

మన ఊరికి ఇంకో సౌకర్యం ఉంది. చెన్నై, విజయవాడల్లా కాకుండా ఇక్కడ అర్ధరాత్రి తర్వాత గాలి చల్లబడుతుంది. రెండు మూడు గంటలకు టైమర్ పెట్టుకుని, ఆ తర్వాత దోమతెర ఉన్న కిటికీ తెరిస్తే చాలు. పగలు పడమటి కిటికీలకు మందపాటి పరదా వేయండి. మిద్దె కింది గదే పడకగది అయితే మిద్దెకు తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయించండి. ఇది పని చేస్తుంది కాబట్టే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి నీళ్లతో కడిగి, ఆరబెట్టి పెట్టండి. బయటి యూనిట్‌కు నీడ ఉండాలి కానీ, గాలికి ఏదీ అడ్డు ఉండకూడదు.

కొత్తది కొనేటప్పుడు స్టార్లతోపాటు లేబుల్ మీది సంవత్సరాన్నీ చూడండి. 2022 జులైలో కొలమానం కఠినం చేశాక, అంతకుముందటి ఐదు స్టార్ల ఏసీ నాలుగు స్టార్లకు దిగింది. 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సరిపోతుంది.

చివరిగా ఒక పాత గుమాస్తా సలహా. బిల్లు వచ్చిన రోజు మీటరు రీడింగ్‌ను క్యాలెండర్ మీద రాసుకోండి. పదిహేను రోజులకు మళ్లీ చూడండి. వంద దాటితే మిగతా రోజులు కాస్త చెయ్యి బిగించాలి. లెక్క అర్థం కాకపోతే బిల్లు తీసుకుని సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని చూద్దాం.