చమురు ఓడ వచ్చే దారి

పిల్లలూ! మీరుండే అబ్బాసియాకు దక్షిణంగా అహ్మదీ పట్టణం ఉన్నది. దానికి చేరువలోనే బుర్గాన్ చమురు క్షేత్రం ఉన్నది. 1938లో అక్కడ ఎడారి అడుగున ముడి చమురు బయటపడినది. అంతకు ముందు ఈ దేశస్థులు ముత్యాల వేటతోను, ఓడ వర్తకంతోను జీవించేవారు. 1946లో మొదటి చమురు ఓడ ఈ తీరం విడిచినది.

ఆ చమురు మన దేశానికి ఏ దారిన వస్తుంది? పటం తీసి చూడండి. కువైట్ గల్ఫు లోపలి మూలన ఉన్నది. ఇక్కడి ఓడలు బయటి సముద్రం చేరడానికి హోర్ముజ్ జలసంధి ఒక్కటే దారి. ఇరుకైన చోట దాని వెడల్పు 40 కిలోమీటర్ల లోపే. 2024లో ప్రపంచం వాడిన చమురులో సుమారు ఐదవ వంతు ఆ దారినే పోయినది. ఇంటికి ఒకే వాకిలి ఉండి, ఆ వాకిట గొడవ జరిగితే ఇంటిల్లిపాదికీ చిక్కే కదా!

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి నుండి కొన్నదే. కృష్ణా గోదావరి తీరాలలో చమురు, సహజవాయువు దొరుకుతున్నా అవి చాలవు. డీజిలు ధర పెరిగితే లారీ కిరాయి పెరుగుతుంది. కిరాయి పెరిగితే సంతలో వంకాయల ధర కూడా పెరుగుతుంది.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలకు, ఇజ్రాయెల్‌కు యుద్ధం జరిగినది. ఇజ్రాయెల్‌కు సాయపడిన దేశాలకు అరబ్బు దేశాలు చమురు ఆపివేశాయి. కొద్ది నెలల్లోనే ధర సుమారు నాలుగింతలయినది. మన దేశంపై పెద్ద భారం పడినది. అయితే ఆ ధనంతోనే గల్ఫు దేశాలు రోడ్లు, భవనాలు కట్టడం మొదలుపెట్టాయి. వాటికి పనివారు కావలసి వచ్చారు. కడప, గోదావరి జిల్లాల వారెందరో ఇలా కువైట్ చేరి, ఇంటికి డబ్బు పంపసాగారు. దేశం ఒక చేత ఇచ్చినదానిలో కొంత మరొక చేత తిరిగి వచ్చినది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినది. చమురు ధర కొద్ది నెలల్లో రెండింతలయినది. ఇక్కడి నుండి పోయే డబ్బు ఆగిపోయినది. సుమారు 1,70,000 మంది భారతీయులను స్వదేశం చేర్చవలసి వచ్చినది. వారిలో చాలామంది జోర్డాన్‌లోని అమ్మాన్ నుండి ఎయిర్ ఇండియా విమానాలలో వెళ్లారు. మన దేశపు విదేశ మారకద్రవ్యం అప్పటికే తరిగి ఉన్నది. ఈ దెబ్బతో అది మరింత అడుగంటినది. 1991లో సుమారు 47 టన్నుల బంగారం విదేశాలలో కుదువ పెట్టవలసి వచ్చినది.

మరి చేయవలసినదేమి? కరువు కాలానికి గాదెలో గింజలు దాచినట్లు, విశాఖపట్టణంలో రాతిని తొలిచి నిర్మించిన భూగర్భ గుహలలో 13 లక్షల టన్నులకు పైగా చమురు నిలువ చేయవచ్చు. ఒక్క చోటనే కాక పలు దేశాల వద్ద కొనడం, ఎండను, గాలిని విద్యుత్తుగా మార్చుకోవడం తక్కిన ఉపాయాలు.

చమురు కొనేవారే కాదు, అమ్మేవారు కూడా ఇతరులపై ఆధారపడినవారే. కువైట్ తినే బియ్యం ఓడలలోనే రావాలి. కనుక ఆ జలసంధి ప్రశాంతంగా ఉండడం ఉభయులకూ అవసరం. మీ ఇంట ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

ప్రశ్నలు
1. హోర్ముజ్ జలసంధిని వాకిలితో ఎందుకు పోల్చారు?
2. 1973లో పెరిగిన ధర వలన మనకు కలిగిన నష్టమేమి? లాభమేమి?
3. 1990 నాటి సంగతులు మీ పెద్దలను అడిగి తెలుసుకొని, పది వాక్యాలలో వ్రాయండి.