పెళ్లిగుర్రం నోట్లో ఏముంది?

ఆ నోటుపుస్తకంలో మొదటి పేజీ అంతా లద్దె గురించే ఉంది. రోజుకు ఎన్నిసార్లు వేసింది, ఉండలు కట్టిందా, జారుడుగా ఉందా, విరిచి చూస్తే లోపల గడ్డిపోచలు ఎంత పొడవున్నాయి. రెండో పేజీ నుంచి మేత, నీళ్లు, నిలబడ్డ తీరు, పడుకున్న వేళ. రాసింది పశువైద్యుడు కాదు. చిన్నప్పటి నుంచీ గుర్రాల మధ్యనే బతికిన ఒక పెద్దాయన, సాయీసు. అక్షరాలు పెద్దవి, వాక్యాలు చిన్నవి. రోజూ అవే వేళలకు, అవే గళ్లలో, అవే ప్రశ్నలకు జవాబులు.

మూగజీవాల రక్షణ మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం రాత్రికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి అన్నారు ఎడిటర్ గారు. చట్టాలు, అంకెలు, కేంద్రాల వివరాలు పోగేసుకున్నాను. హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న గుర్రాల ఆశ్రయంలో ఈ పుస్తకం చేతికొచ్చాక అవన్నీ పక్కకు జరిగాయి. గుర్రాన్ని కాపాడి తెచ్చారన్న వార్త, దండ వేసిన ఫొటో మనకు తరచూ కనబడతాయి. తెచ్చాక దానికి ఎక్కడ నొప్పో ఎలా కనుక్కున్నారన్నది మాత్రం ఎవరూ రాయరు. నా దృష్టిలో కాపాడటమనే పని మొదలయ్యేది అక్కడే.

పుస్తకంలో ఉన్నది తెల్లని ఆడగుర్రం. ఏళ్ల తరబడి పెళ్లి ఊరేగింపుల్లో తిరిగింది. మేపే స్తోమత లేక యజమాని వదులుకుంటే ఆశ్రయానికి చేరింది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. వీపు మీద జీను ఒరిపిడికి అరచేయంత పుండు. పొగరు ఎక్కువ, కొరుకుతుంది, జాగ్రత్త అని తెచ్చినవాళ్లు మరీమరీ చెప్పి వెళ్లారు.

పుండు అందరికీ కనిపించింది. కడిగారు, మందు రాశారు, అది మానుముఖం పట్టింది. గుర్రం మాత్రం కుదుటపడలేదు. చెవులు వెనక్కి వాల్చి గోడవైపు తిరిగి నిలబడేది. పొట్ట కింద చెయ్యి పెడితే పళ్లు చూపేది. మేత వేస్తే ఆత్రంగా మూతి పెట్టి, కాసేపటికే వదిలేసేది. కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుంది, అదే సర్దుకుంటుంది అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. పెద్దాయన ఒప్పుకోలేదు. “ఊకెనే కోపం జెయ్యది సార్. యాడనో నొస్తుంటది” అన్నారు నాతో. ఆ నమ్మకంతోనే పుస్తకం తెరిచారు.

గుర్రం నొప్పిని దాచుకుంటుంది. మైదానాల్లో క్రూరమృగాల నుంచి పరుగెత్తి బతికిన జాతి అది. మందలో కుంటేదే ముందుగా వేటకు చిక్కుతుంది. కొత్త మనిషి ఎదురుగా ఉంటే మరీ బిగుసుకుంటుంది. డాక్టర్ చూసే పావుగంటలో కనబడనివ్వనిది, దూరంగా మోడా వేసుకుని రోజంతా కూర్చున్న మనిషికి కనబడిపోతుంది. ఈ పుస్తకం విలువంతా ఆ కూర్చోవడంలోనే ఉంది.

మొదట బయటపడింది నోరు. మేత వేసిన ప్రతిసారీ తొట్టి కింద తడి గడ్డిముద్దలు దొరుకుతున్నాయని రాసి ఉంది. సగం నమిలి, పెదవి పక్క నుంచి జారవిడిచేది. నమిలేటప్పుడు తల ఒక పక్కకు వంచేది. లద్దెలో వేలెడు పొడవు పోచలు. విడివిడిగా చూస్తే దేన్నీ ఎవరూ పట్టించుకోరు. మూడూ ఒకే పుస్తకంలో ఒకదాని తర్వాత ఒకటి చదివిన డాక్టర్ గారు, ముందు నోరు తెరిచి చూద్దామన్నారు.

గుర్రం పళ్లు ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున చిగుళ్లలోంచి బయటికి వస్తూనే ఉంటాయి. రోజులో ఎక్కువ గంటలు గడ్డి నమిలే జంతువుకు ఆ పెరుగుదలా, అరుగుదలా సరిపోతాయి. పైదవడ కంటే కింది దవడ ఇరుకు. అందుకని పైపళ్ల బయటి అంచు, కిందిపళ్ల లోపలి అంచు సరిగా అరగక పదునెక్కుతాయి. పైవి బుగ్గను కోస్తాయి, కిందవి నాలుకను. గింజలూ తవుడూ పెట్టి గంటల తరబడి కట్టేసిన గుర్రానికి నమిలే పనే తక్కువ కాబట్టి ఆ పదును మరింత. దాని మీద కళ్ళెం బిగిస్తే తోలుపట్టీ బుగ్గను ఆ అంచులకే అదుముతుంది. ఈ గుర్రానికి మత్తు ఇచ్చి, నోరు మూతపడకుండా ఇనుప చట్రం పెట్టి, దీపం వేసి చూస్తే ఎడమ బుగ్గ లోపలంతా పుళ్లు. నాలుక మీద అడ్డంగా పాత మచ్చ. ముళ్ల కళ్ళెం లాగి లాగి చేసిన గాయమది. పొడవాటి ఆకురాయితో అంచులు అరగదీశారు.

తిండి మెరుగైంది. అయినా పడుకోలేదు.

‘పడుకుందా?’ అన్న గడి నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది. గుర్రం నిలబడే కునుకు తీయగలదు. కండరాలు అలసిపోకుండా కాళ్ల కీళ్లను బిగించి ఉంచే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది. కలలొచ్చే నిద్రకు మాత్రం నేల మీద ఒరగాల్సిందే. వరుసగా రాత్రులకు రాత్రులు ఒరగలేదంటే భయమన్నా ఉండాలి, పడుకుంటే లేవలేనన్న నొప్పన్నా ఉండాలి. ఆ గడి పక్కనే ఇంకో సంగతి రాసుంది: ఎడమ ముందుకాలు చాచి నిలబడుతోంది. వెనక కాలు ఒకటి వదులు చేసి నిలబడటం ఏ గుర్రానికైనా మామూలే. ముందు కాలు చాచి బరువు తప్పించడం మామూలు కాదు. పెద్దాయన ‘ముందు’ అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

గిట్ట లోపలి పొరలు వాచే జబ్బేమోనని డాక్టర్ గారు మొదట కంగారుపడ్డారు. అదైతే గుర్రాన్ని దక్కించుకోవడమే కష్టం. కానీ అది సాధారణంగా రెండు ముందుకాళ్లనూ పట్టుకుంటుంది. గుర్రం ఒళ్లంతా వెనక్కి వాల్చి నిలబడుతుంది. ఇక్కడ ఒక్క కాలే. ఆ గిట్ట పక్కదానికంటే వేడిగా ఉంది, గిట్టకు కాస్త పైన నాడి వేలికి గట్టిగా కొడుతోంది. పెద్ద పట్టకారుతో గిట్ట చుట్టూ నొక్కుతూ వస్తే ఒక్కచోట కాలు లాక్కుంది. పాత లాడం మేకు దిగిన దారి అది. అరికాలు కొద్దిగా చెక్కగానే నల్లటి చీము కారింది. ఎప్సం ఉప్పు కలిపిన వేడినీళ్లు, కట్టు, ధనుర్వాతం టీకా. గుర్రాలు ధనుర్వాతానికి చాలా సులభంగా లొంగిపోతాయి గనుక, గిట్టకు గాయమైతే ముందు అడగాల్సింది ఆ టీకా గురించే.

మిగిలింది కడుపు. గుర్రం తిన్నా తినకపోయినా జీర్ణాశయంలో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే ఊరుతుంది. జీర్ణాశయం పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే పొర లేదు. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఖాళీ కడుపుతో, నోట్లో కళ్ళెంతో, బ్యాండు మోతలో నిలబడే ఊరేగింపు గుర్రానికి అక్కడ పుళ్లు పడటంలో వింత లేదు. పొట్ట కింద పట్టీ బిగించబోతే కొరకబోవడానికి కారణం అదే కావచ్చు. ఖాయంగా తేలాలంటే మూడు మీటర్ల ఎండోస్కోపు గొట్టం కావాలి. ఆశ్రయంలో అది లేదు. ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ ఇచ్చి, ముందర గడ్డి ఎప్పుడూ అయిపోకుండా చూసి, ‘పొట్ట కింద చెయ్యి’ గడిలో ఏం వస్తుందో కనిపెట్టారు. కొన్నాళ్లకు ‘కొరకబోయింది’ పోయి ‘తల తిప్పింది’ వచ్చింది, ఆ తర్వాత ‘ఊరుకుంది’ వచ్చింది. నోరు మానడం, మేత పెరగడం, మందు పడటం కలిసే జరిగాయి కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. గుర్రానికి ఆ లెక్క అక్కర్లేదు. తెల్లవారుజామున పూర్తిగా పక్కకు ఒరిగి పడుకుందని రాసిన పేజీలో మిగతా గళ్లన్నీ ఖాళీగా వదిలేశారు పెద్దాయన.

ఒక గుర్రం కుదురుగా లేకపోవడానికి ఒకే కారణం వెతకడం పెద్ద పొరపాటని ఈ పుస్తకం చదివాక నాకు గట్టిగా అనిపిస్తోంది. కనిపించే గాయం దగ్గరే అందరి చూపూ ఆగుతుంది. ఇక్కడ వీపు మీది పుండు ఒక్కటే కనిపించింది. నోరు, గిట్ట, కడుపు కనిపించలేదు. వాటన్నిటినీ కలిపి పొగరు అనేశారు.

నొప్పి ముఖంలో తెలుస్తుందని సాయీసులు ఎప్పటినుంచో అంటారు. 2014లో ఇటలీకి చెందిన ఎమాన్యుయెలా డల్లా కోస్టా, ఆమె సహచరులు దాన్ని కొలతగా మార్చారు. వృషణాలు తీసే శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా మగగుర్రాల ముఖాలను పోల్చి ఆరు గుర్తులు ఎంచారు: బిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, కుంచించుకున్న కన్ను, కంటిపైన బిగువు, ఉబ్బిన దవడ కండరాలు, గట్టిపడిన మూతి, సాగిన ముక్కుపుటాలు. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. కాగితం, పెన్సిల్ ఉంటే చాలు. కొత్తగా తెచ్చిన ప్రతి గుర్రానికీ పొద్దునా సాయంత్రం ఈ మార్కులు వేసే అలవాటు మన ఆశ్రయాలన్నిటికీ రావాలి.

గుర్రాల సంరక్షణ చరిత్ర కొంచెం చెప్పాలి. శాలిహోత్రుడి పేరుమీద సంస్కృతంలో అశ్వశాస్త్రం ఉంది, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం ఉంది. అరేబియా నుంచి ఏటా ఓడల్లో దిగిన వేల గుర్రాలు పాండ్యుల రాజ్యంలో చూసేవాళ్లు లేక, తగని తిండి తిని చచ్చిపోతున్నాయని 13వ శతాబ్దంలో మార్కోపోలో చెప్పాడు. తర్వాత సైన్యాలు పోయాయి, జట్కాలు పోయాయి. ముంబయిలో విక్టోరియా గుర్రపు బళ్లను 2015లో బొంబాయి హైకోర్టు ఆపమంది. 2019 పశుగణన నాటికి దేశంలో గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి 3.4 లక్షలే మిగిలాయి, 2012తో పోలిస్తే 45 శాతం పైగా తగ్గి. గుర్రాలతో పాటు వాటిని చూసే చేతులూ తగ్గిపోతున్నాయి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

ఆకలిగుర్రానికి ఉలవలు పోయకండి

ఎముకలు తేలిన గుర్రాన్ని చూడగానే ఉడికించిన ఉలవలో దాణానో కడుపునిండా పెట్టాలనిపిస్తుంది. ప్రాణం తీసే ప్రేమ అది. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం వెళితే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గుర్రం తేరుకుంటోందని సంతోషిస్తున్న మూడో రోజో ఐదో రోజో కూలిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కరోలిన్ స్టల్ బృందం పస్తుల గుర్రాలను పరిశీలించి, పిండిపదార్థం తక్కువగా, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఎక్కువగా ఉండే లూసర్న్ ఎండుగడ్డి మేలని తేల్చింది. మొదటి మూడు రోజులూ నాలుగు గంటలకోసారి సుమారు అరకిలో. తర్వాత పదో రోజు దాకా మెల్లగా పెంచడం. గింజల జోలికి వెళ్లొద్దు. ఒళ్లు ఎంత తగ్గిందో చెప్పడానికి టెక్సస్‌లో డాన్ హెన్నెకి 1983లో ఇచ్చిన 1 నుంచి 9 వరకు మార్కుల పద్ధతి ఉంది. ఒకటి అంటే ఎముకల గూడు.

వేలితో, గడియారంతో

దవడ ఎముక కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. ఊపిరి 8 నుంచి 16. ఒంటివేడి 99 నుంచి 101 ఫారన్‌హీట్. చిగురు మీద వేలు నొక్కి తీస్తే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. డొక్కకు చెవి ఆనిస్తే పేగుల చప్పుడు వినబడాలి. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. అందుకే కడుపునొప్పితో నేల తవ్వుతూ, డొక్క వైపు చూస్తూ, పొర్లాడుతూ ఉంటే డాక్టర్‌ను పిలవడానికి తెల్లారేదాకా ఆగకూడదు.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని వేరుగా కట్టడం ఎందుకు?

గ్లాండర్స్ గుర్రాల నుంచి మనుషులకూ సోకే జబ్బు. ముక్కు నుంచి చిక్కటి స్రావం, చర్మం మీద గడ్డలు కనిపిస్తే వెంటనే ప్రభుత్వ పశువైద్యుడికి చెప్పాలి. నమూనాలు హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళతాయి. 2025లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాల్లో కొన్ని వరుసగా చనిపోయినప్పుడు కూడా నమూనాలు అక్కడికే పంపారు. వదలని జ్వరం, కాళ్ల వాపు, రోజురోజుకూ చిక్కిపోవడం ఉంటే సర్రా అనుమానించాలి. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అప్పటి పంజాబులో గుర్రాల, ఒంటెల రక్తంలో ఆ జబ్బు క్రిమిని చూశాడు. దాన్ని ఈగలు ఒకదాని నుంచి ఇంకోదానికి మోసుకెళతాయి.

పెళ్లివారికి ఒక మాట

ముహూర్తాలు పెట్టుకునేవాళ్లలో ఈ పత్రిక చదివేవాళ్లు చాలామంది ఉంటారు. గుర్రం లేని బారాత్ నాకు ఎక్కువ ఇష్టం. తప్పదనుకుంటే బయానా ఇచ్చే ముందు కళ్ళెం విప్పించి చూడండి. ముళ్లు, మొనలు ఉన్న కళ్ళేలు 1965 నాటి బరువు మోసే పశువుల నిబంధనల ప్రకారం నిషిద్ధం. కనిపిస్తే ఆ గుర్రం వద్దనండి, పోలీసులకు చెప్పండి. ఊరేగింపు మధ్యలో గడ్డి, నీళ్లు పెట్టేలా ముందే మాట్లాడుకోండి. రోడ్డు మీద దిక్కులేని గుర్రం కనబడితే పశువుల అంబులెన్స్ నంబరు 1962, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అదే. వాళ్లు వచ్చేదాకా నీళ్లు పెట్టండి, గింజలు మాత్రం పెట్టకండి.