పెచ్చులూడిన చోట ఎంత చెక్కాలి?

సున్నపుతేటలో ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గులాబీ రంగుకు తిరగడం టెన్త్ క్లాసు ల్యాబులో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే ఫినాఫ్తలీన్ సీసా పాత షాపింగ్ కాంప్లెక్సులను పరీక్షించే ఇంజనీర్ల సంచిలోనూ ఉంటుంది. సెల్లారులో బీము అడుగున ఉలితో కాస్త చెక్కి, దుమ్ము ఊది, ఆ తాజా గాటు మీద ద్రావణం స్ప్రే కొడతారు. లోపలి భాగం చూస్తుండగానే ముదురు గులాబీ రంగు ఎక్కుతుంది. పైపొర మాత్రం రంగు పట్టకుండా బూడిదగానే ఉండిపోతుంది. ఆ రంగు పట్టని పట్టీ మందాన్ని స్కేలుతో కొలుస్తారు. అది 8 మి.మీ. ఉండి ఊచ 25 మి.మీ. లోతులో ఉంటే ఓనరు ఊపిరి పీల్చుకోవచ్చు. పట్టీయే 25 మి.మీ. ఉండి ఊచ 20లోనే ఉంటే ఖర్చు మొదలైనట్టే.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, చాలా పుడుతుంది. అందువల్ల కాంక్రీటు లోపలి చెమ్మ పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును రానివ్వదు. ఏ పూతా లేని ఊచ దశాబ్దాల తరబడి కొత్తదానిలా ఉండటానికి కారణం ఇదే. అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సన్నని రంధ్రాల గుండా లోపలికి దిగుతూ ఆ సున్నాన్ని కాల్షియం కార్బొనేటుగా మార్చుకుంటూ పోతుంది. పీహెచ్ 9 దిగువకు పడిపోతుంది. ఊచ మీది పొర కరిగిపోతుంది. ఆపైన చెమ్మ, ఆక్సిజన్ దొరికితే చాలు, తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

ఇందులో ఓ తిరకాసు ఉంది. కార్బొనేషన్ అయిన కాంక్రీటు మెత్తబడదు, పైపెచ్చు కాస్త గట్టిపడుతుంది. సుత్తిలా కొట్టి గట్టిదనం చూసే రిబౌండ్ హ్యామర్ అక్కడ మామూలుకన్నా ఎక్కువ రీడింగే చూపిస్తుంది. ఆ ఒక్క పరీక్ష చేసి ‘బిల్డింగ్ భేషుగ్గా ఉంది’ అని రాసిచ్చిన రిపోర్టును నమ్మలేం.

కార్బొనేషన్ లోపలికి దిగే లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. 20 మి.మీ. దిగడానికి 20 ఏళ్లు పడితే 10 మి.మీ. దిగడానికి 5 ఏళ్లు చాలు. ఊచ మీద కప్పి ఉన్న కాంక్రీటును, మేస్త్రీల మాటల్లో ‘కవరు’ను, సగం చేస్తే రక్షణ సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. సెంట్రింగ్ మీద కవరు బిళ్లలు సరిగా పెట్టకుండా, ఉన్నవి కాళ్ల కింద పడి పక్కకు జరిగిపోయినా పట్టించుకోకుండా స్లాబు పోసిన చోట ఊచలు అడుగుకు అంటుకుపోయి ఉంటాయి. అలాంటి స్లాబు పదేళ్లకే పెచ్చులూడితే సిమెంటు కంపెనీని తిట్టి లాభం లేదు. మన కాంక్రీటు కోడ్ అయిన ఐఎస్ 456, 1978లో స్లాబులకు 15 మి.మీ. కవరుతో సరిపెట్టింది. 2000లో సవరించిన కోడ్ తక్కువ తీవ్రత ఉన్న పరిసరాలకే 20 మి.మీ., సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 45 మి.మీ. అడుగుతోంది. విశాఖ బీచ్ రోడ్డులోనూ కాకినాడలోనూ 2000కు ముందు కట్టిన వాణిజ్య భవనాల్ని ఈ లెక్కతో పోల్చి చూడాలి.

సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు మరీ మొండిది. అందులోని క్లోరైడు పీహెచ్ పడిపోయేదాకా ఆగదు. క్షారం నిండుగా ఉన్నా ఊచ మీది పొరకు అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది. ఫినాఫ్తలీన్ దీన్ని పట్టుకోలేదు. డ్రిల్లుతో వేర్వేరు లోతుల్లో పొడి తీసి ల్యాబుకు పంపాల్సిందే. ఉప్పు సముద్రం నుంచే రావాలని కూడా లేదు. ఊచలు వేసిన కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మి.గ్రా. దాటకూడదని ఐఎస్ 456 చెబుతోంది. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే ఊళ్లలో ఆ నీళ్లతోనే స్లాబులు పోశారు, వాటితోనే తడిపారు.

తుప్పు తాను తిన్న ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గోడ సందున మొలిచిన రావి వేరులా లోపలి నుంచి నెడుతుంది. ముందు ఊచ వెంబడే సన్నని చీలిక వస్తుంది, తర్వాత పొర గుల్లబారుతుంది, ఆఖరికి పెచ్చు ఊడి పడుతుంది. ఊడిన చోట ప్లాస్టరింగ్ చేసి రంగు వేస్తే లోపల నెట్టేది నెడుతూనే ఉంటుంది. రెండు మూడు వానాకాలాలకు ప్లాస్టరింగూ రాలుతుంది.

ఇళ్లకన్నా వాణిజ్య భవనాల్లో ఇది ముదిరేదాకా బయటపడదు. సజ్జల్ని సైన్‌బోర్డులు కప్పేస్తాయి, స్లాబును ఫాల్స్ సీలింగు కప్పేస్తుంది. బోర్డు బిగించడానికి వేసిన డ్రిల్లు రంధ్రాల్లోంచి వాన నీరు దిగుతుంది. నాలుగంతస్తుల ఏసీ నీళ్లు ఒకే సజ్జ మీద ఏడాదంతా కారుతుంటాయి. హోటల్ వంటగది, ఉమ్మడి టాయిలెట్ల కింది స్లాబు ఎప్పుడూ ఆరదు. సెల్లారులో గాలి ఆడక వాహనాల పొగలోని కార్బన్ డయాక్సైడ్ అక్కడే తిరుగుతుంటుంది. షాపు ఒకరిది, అద్దె ఒకరిది, టెర్రస్ అందరిదీ. అంటే ఎవరిదీ కాదు.

కారుతున్న నీటిని ఏళ్ల తరబడి పైపైన ఆపుతూ పోతే ఏమవుతుందో కెనడాలోని ఎలియట్ లేక్ పట్టణం చూసింది. 1980లో తెరిచిన అల్గో సెంటర్ మాల్‌కు పైకప్పు మీదే కార్ పార్కింగ్ కట్టారు. మొదటి నుంచీ కప్పు కారింది. కార్లతో పాటు వచ్చే మంచులో రోడ్ల మీద చల్లే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పునీరు ముప్పై ఏళ్ల పాటు కింది ఉక్కు చట్రం మీదకు దిగింది. అతుకులు పూడ్చారు, కింద బకెట్లు పెట్టారు. కానీ కప్పు మొత్తానికి సరైన వాటర్‌ప్రూఫింగ్ పొర మాత్రం వేయలేదు. 2012 జూన్ 23న పార్కింగులో కొంత భాగం మాల్‌లోకి కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. అక్కడ విఫలమైంది కాంక్రీటు కాదు, బీమును స్తంభానికి కలిపే ఉక్కు అతుకు. తుప్పు తినేసి దాని వెల్డింగ్ తెగింది. పాల్ బెలాంజే నేతృత్వంలోని విచారణ కమిషన్ 2014లో ఇచ్చిన నివేదిక ఆ తుప్పుతో పాటు, దాన్ని చూసీ చూడనట్టు వదిలేసిన యజమానుల, ఇంజనీర్ల, అధికారుల వరసనూ తప్పుపట్టింది.

ఇక రిపేరు. దేనితో పూడ్చాలి, ఏ కంపెనీ మోర్టారు మంచిది అని అడిగేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే రిపేరు నిలుస్తుందా లేదా అన్నది చెక్కేటప్పుడే సగానికి పైగా తేలిపోతుంది. ముందు సుత్తితో కొట్టుకుంటూ పోతారు. గట్టి చోట ఖంగుమంటుంది, పొర విడిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్న మేర సుద్దతో గీస్తారు. పైకి బాగున్నట్టే కనిపించే భాగాల్లో తుప్పు నడుస్తోందా అని చూడటానికి రాగి–కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో వోల్టేజీ కొలుస్తారు. మైనస్ 350 మిల్లీవోల్టుల కిందకు పోతే అక్కడ తుప్పు నడుస్తుండే అవకాశం 90 శాతం పైనే. సుద్దగీత అక్కడిదాకా జరుగుతుంది.

గీత వెంబడి కట్టింగ్ మెషీన్‌తో సెంటీమీటరు లోతున నిట్టనిలువుగా కోస్తారు. అంచు నిలువుగా ఉండటం ముఖ్యం. అంచును పలచగా వాలుగా వదిలేస్తే కొత్త మసాలా అక్కడ కాగితమంత మందమే ఉంటుంది, అది ముందు లేచిపోతుంది. ఆపైన చెక్కడం మొదలవుతుంది. ఊచ బయటపడగానే ఆపేయడం మన దగ్గర మామూలు. అది చాలదు. తుప్పు పట్టిన ఊచ వెనక కూడా కనీసం 20 మి.మీ. ఖాళీ వచ్చేదాకా, వేళ్లు దూరేలా, చెక్కాలి. లేకపోతే ఊచ ముందువైపు కొత్త కాంక్రీటు, వెనకవైపు చెడిన పాత కాంక్రీటు ఉంటాయి. వెనక వైపు శుభ్రం చేయడానికి బ్రష్ కూడా పోదు.

పని తొందరగా అవ్వాలని పెద్ద బ్రేకరు పెడితే మిగిలిన కాంక్రీటుకు కూడా దెబ్బ తగులుతుంది. పైపొరలో వెంట్రుకవాసి పగుళ్లు పుట్టి, కొత్త మసాలా ఆ నలిగిన పొరతో సహా తర్వాత ఊడివస్తుంది. అందుకే చివరి అంగుళం చిన్న చిప్పింగ్ హ్యామర్‌తో పూర్తిచేస్తారు. వంతెనలు, పెద్ద పార్కింగ్ స్లాబుల దగ్గరైతే వెయ్యి వాతావరణ పీడనాలకు మించిన నీటి ధారతో కోసే పద్ధతి ఉంది. అది చెడిన కాంక్రీటును కొట్టేసుకుపోతుంది గానీ ఊచను దెబ్బతీయదు, పగుళ్లూ పుట్టవు. కింద షాపులు నడుస్తుంటే అంత నీటిని ఎక్కడ పంపాలన్నదే చిక్కు.

ఊచ పాడైతే చెక్కే కొలత మళ్లీ మారుతుంది. 12 మి.మీ. ఊచ తుప్పుకు 11 అయిందంటే తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ అడ్డుకోత వైశాల్యం 16 శాతం పోయింది. మరీ తగ్గితే పక్కన కొత్త ఊచ కట్టాలి. ఎం20 కాంక్రీటులో ఎఫ్ఈ 415 రకం ఊచ లాగుడు బలాన్ని కాంక్రీటుకు అందించడానికి తన వ్యాసానికి 47 రెట్లు పొడవు కావాలి, అంటే 12 మి.మీ. ఊచకు 564 మి.మీ. అది రెండు వైపులా. అడుగు మేర తుప్పు పట్టిన ఊచ కోసం దాదాపు ఐదడుగులు చెక్కాలన్నమాట. ‘ఇంత చిన్న దానికి అంత పగలగొడతారేంటి’ అని ఓనర్లు గొడవపడేది ఇక్కడే. ఊచల్ని కలిపే కప్లర్లు వాడితే ఈ పొడవు తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

చెక్కుతున్నంతసేపూ పై బరువు ఎవరు మోస్తారన్నది మరో ప్రశ్న. 150 మి.మీ. స్లాబు చదరపు మీటరుకు సుమారు 375 కిలోలు ఉంటుంది. షాపుల్లో సరుకుకూ జనానికీ ఇంకో 400 కిలోలు లెక్కవేస్తారు. కాబట్టి ముందు జాకీ ప్రాపులు పడాలి, కింది అంతస్తుల్లో కూడా వరసగా, నేల దాకా. పిల్లర్ల విషయంలో బరువు దించకుండా చుట్టూ కొత్త కాంక్రీటు పోస్తే అది పాత బరువును పంచుకోదు. ఆ తర్వాత వచ్చే బరువులోనే వాటా తీసుకుంటుంది. నలిగిన పాత పిల్లరే లోపల పాత బరువంతా మోస్తూ ఉంటుంది.

ఇంత శ్రద్ధగా చేసినా కొన్నేళ్లకు అతుకు చుట్టూ, సరిగ్గా అంచు పక్కన, కొత్త పగుళ్లు రావచ్చు. పని చేసినవాళ్ల మీద అనుమానం వస్తుంది గానీ అసలు కారణం విద్యుత్ రసాయనం. స్లాబులోని ఊచలన్నీ ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి, అంటే విద్యుత్ పరంగా అంతా ఒకే తీగ. తుప్పు పడుతున్న చోటు ఆనోడుగా కరిగిపోతూ పక్క ఊచల్ని కేథోడుగా ఉంచి కాపాడుతుంది, వాటి చుట్టూ ఉప్పు ఉన్నా సరే. ఆ చోటు చెక్కి, ఉప్పు లేని క్షార కాంక్రీటు పోయగానే పాత్రలు తారుమారవుతాయి. అతుకు లోపలి ఊచ కేథోడు అవుతుంది, ఇన్నాళ్లూ దాని చలవతో బతికిన పక్క ఊచ ఆనోడు అవుతుంది. అందుకే ఉప్పు చేరిన భవనాల్లో పరీక్షలో క్లోరైడు తేలిన మేరంతా, గట్టిగా కనిపించినా, తీసేయడమే మేలు. అది కుదరకపోతే అతుకు అంచుల్లో ఊచలకు జింకు బిళ్లలు కడతారు. ఇనుముకన్నా జింకు త్వరగా కరుగుతుంది కాబట్టి ఆనోడు పని అది చేస్తుంది. అది అరిగిపోయేదాకానే రక్షణ.

పూడ్చే పని మీద పెద్దగా చెప్పక్కర్లేదు, డబ్బా మీద రాసినట్టు చేస్తే చాలు, చేయరు. పాత కాంక్రీటు ఎండి ఉంటే కొత్తదాని నీళ్లు పీల్చేస్తుంది, నీళ్లు నిలిచి ఉంటే అంటుకోదు. లోపల తడిసి, పైన ఆరి ఉండాలి. పాతది కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్తది ఇప్పుడే మొదలుపెడుతుంది. కుంచింపు తక్కువ ఉండే మైక్రో కాంక్రీటు, పాలిమర్ మోర్టార్లు వాడేది అందుకే. వాటికీ తడి గోనెసంచులు కప్పాల్సిందే.

చివరి పరీక్ష మొరటుగా ఉంటుంది. అతుకు మీద అక్కడక్కడ గుండ్రంగా పాత కాంక్రీటు దాకా కోసి, 50 మి.మీ. ఇనుప బిళ్ల ఎపాక్సీతో అతికించి యంత్రంతో లాగుతారు. నిర్మాణ బలానికి సంబంధించిన రిపేర్లకు యూరప్ ప్రమాణం కనీసం 1.5 మెగాపాస్కళ్లు అడుగుతుంది. ఆ చిన్న బిళ్లకు అది సుమారు 300 కిలోల లాగుడు. ఆ బలం దాటాక బిళ్లతో పాటు పాత కాంక్రీటు ముక్క ఊడివస్తే అతుకు పాసైనట్టు. రెండింటి మధ్య సాఫీగా విడిపోతే చెక్కడమో కడగడమో సరిగా జరగలేదని అర్థం. రెండు సందర్భాల్లోనూ గుంతలు మిగులుతాయి. వాటిని పూడ్చేది ఎవరి ఖర్చో కొటేషన్‌లో ముందే రాయించుకోవాలి.