వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యం – నేరేడు, ఇతర ముదురు రంగు పండ్ల పాత్ర

వయసు పైబడిన కొద్దీ మతిమరుపు తప్పదని సరిపెట్టుకోవడం మన కుటుంబాల్లో పరిపాటి. వయసును ఆపలేము గాని, మెదడుకు కలిగే హానిని ఆహారం ద్వారా కొంతవరకైనా తగ్గించవచ్చునా అన్న అంశంపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. వాటి సారాంశాన్ని, మన ప్రాంతపు పండ్లకు అది ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకుందాం.

మెదడుకు ముప్పు ఎందుకు?

మెదడు శరీర బరువులో సుమారు 2 శాతమే అయినా, శరీరం వినియోగించే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే అవసరం. కణాల్లో శక్తి ఉత్పత్తి అయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ వెలువడతాయి. నాడీకణాల పొరల్లో త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు అధికంగా ఉంటాయి కనుక ఈ కణాలు సులభంగా దెబ్బతింటాయి. వయసుతో పాటు సహజ రక్షణ వ్యవస్థ బలహీనపడి ఈ హాని పేరుకుపోతుంది. ఫ్రీ రాడికల్స్‌కు, వార్ధక్యానికి గల సంబంధాన్ని డెన్‌హామ్ హార్మన్ 1956లోనే ప్రతిపాదించారు.

పరిశోధనలు తెలిపినవి

1999లో అమెరికాలోని బోస్టన్ శాస్త్రవేత్తలు ముసలి ఎలుకలకు బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ, పాలకూర సారాలను 8 వారాల పాటు మేపగా, వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడింది. 2012లో వెలువడిన మరో అధ్యయనంలో 70 ఏళ్లు పైబడిన 16 వేల మందికి పైగా నర్సులను పరిశీలించారు. బెర్రీ పండ్లు ఎక్కువగా తిన్నవారిలో మేధోక్షీణత 2.5 సంవత్సరాల వరకు ఆలస్యమైనట్లు అంచనా వేశారు. అయితే 2023లో ప్రచురితమైన మూడేళ్ల ప్రయోగంలో, బెర్రీలతో కూడిన మైండ్ ఆహార విధానం పాటించినవారికి, సాధారణ ఆహారం కొనసాగించినవారికి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కాబట్టి పండును మతిమరుపు మందుగా భావించరాదు. వ్యాయామం, నిద్ర, రక్తపోటు నియంత్రణలతో పాటు అదీ ఒక తోడ్పాటు మాత్రమే.

పరీక్షనాళికలో కొలిచిన యాంటీఆక్సిడెంట్ విలువలు శరీరంలోని ఫలితాన్ని సూచించవన్న కారణంతో, అమెరికా వ్యవసాయ శాఖ 2012లో అటువంటి పట్టికను ఉపసంహరించుకుంది. డబ్బాలపై ముద్రించే అంకెలను చూసి మోసపోకూడదు.

మన నేరేడు

బ్లూబెర్రీకి నీలిరంగునిచ్చే ఆంథోసయనిన్లే నేరేడుకూ ఊదా రంగునిస్తాయి. తిన్నప్పుడు నాలుకకు అంటేది ఈ వర్ణకమే. వగరుకు కారణం టానిన్లు. ఖరీదైన దిగుమతి పండ్ల కోసం వెతకకుండా, ఈ వర్ణకాలను వేసవి చివరి నుండి లభించే నేరేడు ద్వారా పొందవచ్చు. మిగిలిన కాలాల్లో దానిమ్మ, నల్లద్రాక్ష, విటమిన్ సి అధికంగా గల ఉసిరి, జామ ఉపయోగపడతాయి.

రైతులకు సూచన

నేరేడు కోసిన తరువాత పండే జాతి కాదు. రంగు పూర్తిగా రాకముందే కోస్తే వర్ణకాలు, తీపి రెండూ తక్కువగానే మిగులుతాయి. పండిన కాయ సాధారణ ఉష్ణోగ్రతలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. కొమ్మలను దులిపి నేలపై రాల్చితే పండు చితికి, తొక్క చిట్లి త్వరగా పాడవుతుంది. ముదురు ఊదా రంగుకు వచ్చిన పండ్లను ఉదయం వేళ చేతితో కోయాలి లేదా చెట్టు కింద వల, గుడ్డ కట్టి సేకరించాలి. నీడలో ఉంచి, పలుచని పొరలుగా పెట్టెల్లో సర్ది అదే రోజు మార్కెట్‌కు పంపాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే రాలిపోయే పంటలో చాలా భాగానికి ధర లభిస్తుంది, వినియోగదారునికి పోషకాలూ అందుతాయి.

ఎంత, ఎలా తినాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల పండ్లు తినాలని సూచిస్తోంది. వర్ణకాలు తొక్కలో అధికం కనుక నేరేడును తొక్కతోనే, బాగా కడిగి తినాలి. పంచదార కలిపిన రసంలో పీచు తగ్గి, చక్కెర పెరుగుతుంది. పళ్లు లేని వృద్ధులకు గింజ తీసి మెత్తగా నలిపి ఇవ్వవచ్చు. మధుమేహులు నేరేడును మందులకు బదులుగా వాడరాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా మేరకే పండ్ల పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.

ఇంట్లో పెద్దవారికి మతిమరుపు హఠాత్తుగా పెరిగినా, తెలిసిన దారి తప్పిపోతున్నా పండ్లతో సరిపెట్టక వెంటనే వైద్యునికి చూపించాలి. పెరట్లోనో, పొలం గట్టునో ఒక నేరేడు, ఒక ఉసిరి మొక్క నాటుకుంటే, పండ్లు కొనలేని ఇంటికి కూడా ఈ పోషణ ఏటా అందుబాటులో ఉంటుంది.