జిల్లేడు పాలలో దాగిన కాపలా

పొలం గట్టున, రోడ్డు ప్రక్కన, సమాధుల తోట అంచున జిల్లేడు పచ్చగా నిలిచి ఉండటం మనమందరము చూస్తుంటాము. మేత కరువైన వేసవిలో కూడా పశువులు దాని జోలికి అంతగా పోవు. ఎందుకు? ఆకు త్రుంచగానే కారే తెల్లని పాలలో రెండు రక్షణలున్నాయి. దాని జిగురు పురుగుల నోటికి అంటుకుపోతుంది. దానిలోని విషం గుండె కొట్టుకునే తీరును దెబ్బతీస్తుంది.

అయినా ఒక గొంగళిపురుగు ఆ ఆకునే తిని బ్రతుకుతుంది. అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. ముందు ఆకు ఈనెను కొరికి పాల ధారను తగ్గిస్తుంది, తరువాత తింటుంది. ఆ విషంలో కొంత ఒంట్లో దాచుకోగలదు. రెక్కలు వచ్చాక దాని నారింజ రంగే పక్షులకు హెచ్చరిక. ఒకసారి చేదు రుచి చూసిన పక్షి మళ్లీ దాన్ని ముట్టడానికి వెనుకాడుతుంది.

విషం లేని డనైడ్ ఎగ్‌ఫ్లై ఆడ సీతాకోకచిలుక కూడా అదే రంగుతో తప్పించుకుంటుంది. హెన్రీ బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకలను గమనించి 1862లో వివరించింది ఇలాంటి అనుకరణనే. అయితే నకిలీలు మరీ ఎక్కువైతే పక్షులు హెచ్చరికను లెక్కచేయవు. అప్పుడు నష్టం అసలు దానికి కూడా.

మన పిల్లలకు ఒక మాట చెబుదాము. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతినవచ్చు. వెంటనే శుభ్రమైన నీళ్లతో బాగా కడిగి, కంటి వైద్యునికి చూపించాలి. ఆ మొక్క తన ప్రాణాన్ని తాను కాచుకుంటోంది. మన జాగ్రత్త మనమే చూసుకోవాలి.